తండ్రి పరుగు, పిల్లల అడుగు



సంతవీధులలో ఆడుకొను పిల్లలను మన ప్రభువు గమనించెను. కొందరు పిల్లనగ్రోవి ఊదగా తక్కినవారు నాట్యమాడకపోయిన సంగతిని మత్తయి సువార్త 11వ అధ్యాయములో ఆయన పెద్దలకే పాఠముగా చెప్పెను.

మన సంఘములలో వేసవి బైబిలు పాఠశాల వచ్చినప్పుడెల్ల ఒక ప్రశ్న లేచుచున్నది. కథ చెప్పుడి, పాట నేర్పుడి, కాని గుడి ఆవరణములో కోలాటమేమి? ముఖ్యముగా ఆడపిల్లలను పంపుటకు కొందరు వెనుదీయుచున్నారు. వారి భయమునకు కారణము లేదని మేమనము. సినిమా అడుగులకే వాక్యపు మాటలు తగిలించు చోట్లు కలవు. అది మాకును సమ్మతము కాదు. అయితే ఎఱ్ఱసముద్రపు ఒడ్డున మిర్యాము తంబుర పట్టగా స్త్రీలందరు నాట్యముతో ఆమెను వెంబడించిరి. మందసము ఎదుట దావీదు నాట్యమాడగా కిటికీలోనుండి చూచి మనస్సులో హీనపరచినది మీకాలు. ఈ ఇద్దరు స్త్రీలలో మన బిడ్డలు ఎవరిని పోలవలెను?

లూకా 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథను అడుగులతో నేర్పి చూడుడి. చిన్నవాడు ఇల్లు విడుచునప్పుడు పొడవైన అడుగులు, ఎత్తిన తల. పందుల యొద్ద నడుము వంగును, అడుగు కుదించుకొనును. తరువాత వాడు లేచుట. ఈ ఒక్క కదలికకు ఒక దినమంతయు ఇయ్యవచ్చును. గబుక్కున లేవనీయకుడి, బుద్ధి వచ్చినవాడు ఎట్లు లేచునో పిల్లలనే కనుగొననీయుడి.

ఇక తండ్రి. ఆ వేషము కట్టిన పిల్లవాడు మొదట గంభీరముగా నిలుచుండును, పెద్దలు అట్లే యుందురని వాడెరుగును. మన గ్రామములో పెద్దమనిషి పంచె ఎగగట్టి వీధిలో పరుగెత్తునా? కాని ఈ తండ్రి పరుగెత్తెను. 1929లో పారిసు నగరమున, ప్రొకోఫియెవ్ సంగీతమునకు బాలన్‌చిన్ ఈ ఉపమానమునే నాట్యముగా కూర్చెను. అందులో కుమారుడు మోకాళ్లమీద ప్రాకుచు వచ్చి, నిలిచియున్న తండ్రి చేతులలోనికి ఎక్కగా, ఆయన వానిని తన వస్త్రముతో కప్పును. హృదయమును కదిలించు దృశ్యమే. అయినను సువార్తలో దూరమును దాటి వచ్చినవాడు తండ్రి. పిల్లవాడు ఒక్కసారి ఆ పరుగు పరుగెత్తినయెడల, కృప అను మాటకు మేము వేరుగా అర్థము చెప్పనక్కరలేదు.

ఆ నాట్యములో పెద్దకుమారుడు లేడు. అతనికి మారుగా ఇద్దరు అక్కచెల్లెండ్రు కలరు. మనము మాత్రము అతనిని విడువరాదు. పొలమునుండి వచ్చి, ఇంటిలోని వాద్యములును నాట్యమును విని, కోపపడి వెలుపల నిలిచినవాడతడు. మన ప్రభువే తండ్రి యింట నాట్యమును ఉంచి, దానికి రానొల్లని వానిని గడప బయట చూపెను. ఈ వేషమునకు చురుకైన పిల్లను ఏర్పరచుడి. తాళము మ్రోగుచుండగా కదలక నిలుచుట అన్నిటికంటె కష్టము.

ఆఖరున కోలాటము కట్టునప్పుడు వలయములో ఒక చోటు ఖాళీగా విడువవలెను. జట్టు లేని బిడ్డ కోల ప్రతి చుట్టునకు గాలిలోనే ఆడును. “అయ్యగారూ, అన్న లోపలికి వచ్చెనా?” అని పిల్లలు తప్పక అడుగుదురు. లూకా వ్రాయలేదు. గనుక ఆ కోలను అట్లే ఆడనీయుడి.