గోరింక మీద తీర్పు

"అత్తా, ఇంతసేపూ నువ్వు చూస్తున్నది గోరింకనా?"

మా మేనకోడలి గొంతులో నిరాశ దాగలేదు. మెల్‌బోర్న్ నుంచి సెలవులకొచ్చింది. పొద్దున్నే ఇందిరా పార్కుకి వెళ్దామంటే మెడలో బైనాక్యులర్సు వేసుకుని మరీ బయల్దేరింది.

"ఏం, చూడకూడదా?"

"చూడొచ్చులే. కానీ అక్కడ ఇది కనబడితే మాకు ఒళ్ళు మండుతుంది. బోన్లు పెట్టి పట్టి చంపేవాళ్ళు కూడా ఉన్నారు. ప్రపంచానికి బాగా చేటు చేస్తున్న చొరబాటు జీవులంటూ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు 2000లో వంద పేర్లు ప్రకటించారు. అందులో పక్షులు మూడే. ఒకటి ఈ గోరింక."

"రెండోది యూరప్ స్టార్లింగు, దీనికి చుట్టమే. మూడోది ఏమిటో తెలుసా? అదిగో, ఆ కానుగ కొమ్మ మీద తోక కింద ఎర్రగా కనబడుతోందే, ఆ పిగిలిపిట్ట. ముగ్గురు దోషుల్లో ఇద్దరు మన పార్కులోనే ఉన్నారు."

"తెలిసి కూడా మెచ్చుకుంటున్నావా?"

"మెచ్చుకుంటున్నానని ఎవరన్నారే? చూస్తున్నాను, అంతే."

తనకా జవాబు నచ్చలేదు. చూడటానికీ మెచ్చుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందని అడిగింది. మంచి ప్రశ్నే. నేను గడ్డిలోకి చూపించాను.

"పిచ్చుక గెంతుతుంది. గోరింక అంతగా గెంతదు, ఒక్కో అడుగూ వేస్తూ నడుస్తుంది. పెళ్ళింట్లో పెత్తనం తీసుకున్న మేనమామలా ఎలా తిరుగుతోందో చూడు. గడ్డి కోసేవాడి వెనకే పోతోంది, లేచిన మిడతల కోసం. నేల మీద ఉన్నంతసేపూ మట్టిరంగు పిట్టే. ఎగిరిందంటే రెక్కల్లో తెల్లమచ్చలు మెరుస్తాయి. పక్కనున్నది దాని జంట. గుడ్లు ఇద్దరూ పొదుగుతారు. ఇదంతా గమనించాక దాని మీద ఇష్టం పుడితే పుట్టనీ, పుట్టకపోతే మానె. చూడకముందే తీర్పు చెప్పేయడమే నాకు గిట్టదు."

"మేం చూడకుండా చెప్పలేదత్తా. గోరింక చెట్టుతొర్రలో గూడు పెడుతుంది. మా దగ్గర రోజెల్లా అనే చిలకలకీ ఆ తొర్రలే కావాలి. ఇది దూరి వాటిని తరిమేస్తుంది. చిలకలకి నిలువనీడ లేకుండా పోతోంది."

నాకు నవ్వొచ్చింది. మనం కొత్త జంటని చిలకాగోరింకల్లా ఉన్నారని దీవిస్తాం. నిజం చిలకకీ నిజం గోరింకకీ ఇక్కడైనా అక్కడైనా తొర్ర దగ్గర తగాదానే.

"నీ మాట కాదనను," అన్నాను. "నష్టం నిజమే. కానీ గోరింక సముద్రం దాటి తనంతట తాను రాలేదుగా. 1860లలో తోటల్లో పురుగుల్ని తింటుందని దొరలే మెల్‌బోర్న్‌కి తెచ్చి వదిలారు. తర్వాత క్వీన్స్‌లాండ్ చెరకుతోటలకీ అందుకే తీసుకెళ్ళారు. దానికి ఇష్టమైనట్టు నగరాలు కట్టారు, గడ్డి పరిచారు, తొర్రలున్న ముసలి చెట్లు కొట్టేశారు. ఇన్ని చేసి చివరికి నేరం పిట్ట మీద పెట్టారు."

తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అక్కడ దీన్ని ఇండియన్ మైనా అంటారు. అందరూ కూర్చుని ఆ పేరుతో తిడుతుంటే ఒక్కోసారి నాకే ఎలాగో ఉంటుంది."

తను ఏం వినాలనుకుందో నాకు తెలుసు. కానీ ఆ ఓదార్పు ఇవ్వబుద్ధి కాలేదు. "ఆ పోలిక వద్దమ్మా. నువ్వు వీసా తీసుకుని వెళ్ళావు, పన్ను కడుతున్నావు, ఎవరి తొర్రా లాక్కోలేదు. నీ మీద జాలితో గోరింకని వెనకేసుకొస్తే చిలకకి అన్యాయం. గోరింక మీది కోపంలో నిన్ను కలిపేస్తే నీకు అన్యాయం. మనిషిని మనిషిగా చూడు, పిట్టని పిట్టగా చూడు."

"అయితే ఇది మంచిదా, చెడ్డదా? ఏదో ఒకటి చెప్పవూ!"

ఆ ప్రశ్నకి జవాబుగా గోరింకల కుటుంబంలోనే ఇంకోదాని సంగతి చెప్పాను. ఒళ్ళంతా లేత గులాబి, తల, రెక్కలు, తోక నలుపు. గులాబి గోరింక అందాం. మధ్య ఆసియా మైదానాల్లో పిల్లల్ని పెంచుకుని, వానాకాలంలో మన దేశానికి దిగుతుంది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల్ని తింటుందని దీనికోసం రాళ్ళు పేర్చి గూళ్ళకి చోటు చేస్తారు. అదే పిట్ట మన జొన్నచేలో వాలితే రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పుతాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లెక్క కాదు. యూరప్ స్టార్లింగు కథా ఇంతే. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అరవై పక్షుల్ని వదిలారు. ఇప్పుడవి అమెరికాలో రైతుకి తలనొప్పి. సొంతగడ్డ బ్రిటన్‌లో మాత్రం తగ్గిపోతున్నాయని ఎర్ర జాబితాకెక్కాయి.

"అంటే తీర్పు చోటుని బట్టి మారుతుందంటావు. చూపు మారక్కర్లేదంటావు," అంది.

"నాకంటే నువ్వే బాగా చెప్పావు. మెల్‌బోర్న్‌లో బోను పెట్టాల్సివస్తే పెట్టండి. కానీ ఆ నడక గొప్పగా ఉంటుందన్నది అక్కడా నిజమే."

అయినా తను వదల్లేదు. "సరే, కానీ రోజూ కనిపించేదాంట్లో ఏముంటుందత్తా? అరుదైనది కనబడితే గుండె ఆగినంత పనవుతుంది."

అరుదైనది చూసిన ఆనందంలో సగం మన అదృష్టానికి మనం మురిసిపోవడమే. నా అనుమానం అది. కేబీఆర్ పార్కులో నెమలి కనబడగానే అందరూ ఫోన్లు తీస్తారు, ఫొటో పడగానే ముందుకి నడుస్తారు. దాని సంసారం ఎవరికీ పట్టదు. రోజూ కనిపించేదాని దగ్గర ఆ గొప్ప దొరకదు కాబట్టి పిట్టనే చూడాల్సివస్తుంది. పైగా కొన్ని అందాలకి గుంపు కావాలి. చలికాలం సాయంత్రాల్లో రోమ్ రైల్వేస్టేషన్ దగ్గర వేల స్టార్లింగులు ఒక్క దేహంలా మెలికలు తిరుగుతాయి. అక్కడి భౌతిక శాస్త్రవేత్తలు ఫొటోలు తీసి లెక్కకట్టి 2008లో చెప్పారు: వాటిని నడిపే నాయకుడంటూ లేడు, ఒక్కో పక్షీ తన దగ్గరున్న ఆరేడు పక్షుల్ని మాత్రమే గమనించుకుంటుంది. 2021లో నోబెల్ అందుకున్న పారిసీ కూడా ఆ బృందంలో ఉన్నాడు. ఏ అరుదైన పక్షీ ఒంటరిగా అలాంటిది చూపించలేదు.

"మరి ఆ గులాబి గోరింకలు ఇక్కడ కనిపిస్తాయా?" అని అడిగింది. బైనాక్యులర్సు అప్పటికే కళ్ళ దగ్గరికి వెళ్ళాయి.

కనిపిస్తాయి, మీకూ కనిపిస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో మోదుగలు, బూరుగలు పూసినచోట తేనె కోసం గుంపులుగా వాలతాయి. ఏప్రిల్ దాటితే ఉండవు. సూర్యాస్తమయానికి అరగంట ముందు చెరువు గట్టున తుమ్మచెట్ల వైపు చూడండి. గింజలు మాత్రం చల్లకండి, వాటికి పావురాలే వస్తాయి.