అన్నం పెట్టిన కుక్క ఎవరిది?



రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు పాత అలవాటు. ఏం చదివాను, ఎంత దూరం నడిచాను, పేపర్లో దేశం సంగతి ఏంటి. పదవీ విరమణ చేసిన రెండేళ్ల దాకా ఈ మూడే ఉండేవి. తర్వాత నాలుగోది చేరింది. చుక్క. నొసటన తెల్ల మచ్చ ఉన్న మా వీధి కుక్క. దాన్ని 'మా' కుక్క అనొచ్చా అనకూడదా అన్నదే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్న సంగతి.

షుగర్ వచ్చాక డాక్టరు రోజూ నడవమన్నారు. నిజానికి ఆ మాట తథాగతుడు ఎప్పుడో చెప్పాడు. చంక్రమణం వల్ల ఐదు లాభాలని అంగుత్తర నికాయంలో ఉంది. ప్రయాణానికి ఓపిక వస్తుంది, సాధనకు ఓపిక వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడుస్తూ కుదుర్చుకున్న ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. (నాలాంటి షుగర్ వాళ్లు నాలుగోదాన్ని మర్చిపోకండి.) అలా తెల్లారుజామున నడిచేటప్పుడు చుక్క నా వెనకాల పడింది. రాత్రి మిగిలిన అన్నం వీధి మలుపులో ఒక కాగితం మీద పెట్టేవాణ్ణి. ఆదివారమైతే నాలుగు బొమికలు. ఇంటికొచ్చి నోటుబుక్కులో 'చుక్కకి అన్నం' అని రాసుకునేవాణ్ణి. బాబాసాహెబ్ మన చేత చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో పదమూడోది సకల ప్రాణుల మీద దయ చూపి కాపాడాలన్నది. దాన్ని రోజూ పాటిస్తున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

పోయిన వర్షావాసంలో ఒక పొద్దున మా వీధి ఊడ్చే అమ్మను చుక్క కరిచింది. ఎక్కడ? నేను అన్నం పెట్టే మలుపులోనే. చెత్తతో పాటు ఆ కాగితం కూడా ఊడవబోయింది. తన తిండి లాక్కుంటున్నారనుకుంది కుక్క. పిక్క పట్టేసింది. నేను పరుగున వెళ్లేసరికి ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కాలి మీద నెత్తురు. "మీ కుక్కే మాస్టారూ" అంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "నా కుక్క కాదమ్మా, వీధి కుక్క."

ఆమె నా మొహంలోకి చూసి, "మరి రోజూ కూడెవరు పెడతన్నారు?" అంది. అంతే. ఇంకేం అనలేదు.

ఎదురింటి వాళ్లు కారం అద్దమన్నారు, ఇంకొకరు పసుపన్నారు. బంధువులారా, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కుక్క కరిస్తే కారం, సున్నం, ఆకు పసరు ఏదీ వద్దు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగాలి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు, లక్షణాలు రాకముందే టీకా పడాలి. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు. ఆమెకు మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని నాలుగు తేదీలు చీటీ మీద రాసిచ్చారు. అంటే నాలుగు రోజులు మస్టర్ పడదు.

రెండోసారి నేనూ వెంట వెళ్లాను. బెంచీల మీద కూర్చున్న వాళ్లను చూశాను. ఇటుక బట్టీ కూలీల పిల్లలు, చెత్త ఏరుకునే కుర్రాడు, రాత్రి కాపలా ఉండే ముసలాయన. కారులో తిరిగే మనిషి ఒక్కడూ కనపడలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు చంపేసిన నాలుగేళ్ల బాబు కూడా ఒక సెక్యూరిటీ గార్డు కొడుకే.

అదే రోజుల్లో పేపర్ల నిండా కుక్కల గొడవ. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది, మళ్లీ వదలొద్దంది. పదకొండు రోజులకే ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, మీద పడే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలకూడదు, అన్నం పెట్టేవాళ్లు కేటాయించిన చోటే పెట్టాలి అంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయమని దేశమంతటికీ ఇంకో ఉత్తర్వు. టీవీలో ఒక పక్క ఏరిపారేయమనే వాళ్లు, ఒక పక్క ముట్టుకోవద్దనే వాళ్లు.

మా విహారంలో వర్షావాసం మూడు నెలలూ ఆదివారం వందన అయ్యాక 'బుద్ధుడు-ఆయన ధమ్మం' చదువుతాం. ఆ ఆదివారం అహింస భాగం వచ్చింది. చదవడం ఆగి వాదన మొదలైంది. డిగ్రీ చదివే ఒక తమ్ముడు లేచి అన్నాడు: "మనల్ని ఊరి బయట పెట్టినోళ్లు కుక్కల్ని ఇంట్లో పడుకోబెట్టుకున్నారు. ఇప్పుడు మనం కుక్కల మీద మైత్రి చూపించాలా?"

ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. మహాడ్ చెరువులో పశువులు తాగొచ్చు, మన వాళ్లు తాగకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అక్కడ దోసిట నీళ్లు తీసుకున్నది ఆ అన్యాయం మీదే. 1931లో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు కూడా, కుక్కలకూ పిల్లులకూ ఉన్న విలువ లేని చోటును నా దేశమని ఎలా అనుకోను అనే అర్థంలోనే మాట్లాడారు. ఆ తమ్ముడి కోపానికి వేరు అక్కడ ఉంది. కానీ ఒకటి చూడండి. మహాడ్‌లో బాబాసాహెబ్ చెరువు దగ్గరనుంచి పశువుల్ని తరమమనలేదు. మనిషిని రానివ్వమన్నారు.

ఇక అహింస సంగతి. బాబాసాహెబ్ ఆ పుస్తకంలో దాన్ని రూలుగా చూడలేదు, సూత్రంగా చూశారు. రూలైతే బుర్ర పెట్టక్కర్లేదు. సూత్రమైతే ప్రతిసారీ ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయానికి మనమే జవాబు చెప్పాలి. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని కూడా విడదీశారు. పిచ్చెక్కిన కుక్క బడి ముందు తిరుగుతుంటే ఏం చేయాలన్నదానికి ఇందులో దారి ఉంది. కరుణ మనుషుల మీద, మైత్రి సకల ప్రాణుల మీద అన్నారు. మైత్రి కరుణను దాటి పోతుంది గానీ దాన్ని తొక్కుకుంటూ పోదు. నేను చేసింది అదే. కుక్కకి అన్నం పెట్టాను, ఆ మలుపు ఊడ్చే మనిషిని తలుచుకోలేదు. అన్నం పెట్టిన పుణ్యం నాది, కరిచిన కాటు వీధిది!

ఆ సాయంత్రం నా నోటుబుక్కు వెనక్కి తిప్పి చూశాను. 'చుక్కకి అన్నం' అని వందల సార్లు ఉంది. 'చుక్కకి టీకా' అని ఒక్కసారి లేదు. వీధి ఊడ్చే అమ్మ పేరు ఎక్కడా లేదు. మూడేళ్లుగా రోజూ ఎదురుపడే మనిషి.

తర్వాత చేసింది పెద్ద విషయమేం కాదు. చుక్కను మా ఆవరణలో పది రోజులు కట్టేసి కనిపెట్టి చూశాం, జబ్బు లేదు. మున్సిపాలిటీ బండి వచ్చి తీసుకెళ్లడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి తెచ్చి వదిలారు. చెవి అలా ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఇప్పుడు మా గేటు లోపల పళ్లెంలోనే తిండి. నాలుగు రోజుల కూలి ఆ అమ్మ చేతిలో పెడుతూ 'ఇదిగో అమ్మా, ఉంచుకో' అనబోయి ఆగాను. అది దానమైతే కదా ఆ మాట అనడానికి. బాకీ. ఆమె కూడా లెక్కపెట్టుకునే తీసుకుంది.

విహారంలో ఆ తమ్ముడితో మాట ఇంకా తెగలేదు. పోయిన వారం మాత్రం వచ్చి, "మాస్టారూ, మా సందులో కుక్క ఈనింది, ఆరు పిల్లలు, మున్సిపాలిటీలో ఎవరిని అడగాలి?" అన్నాడు. చెప్పాను. నాలుగుసార్లు తిరగాలని కూడా చెప్పాను.

చుక్క ఆ అమ్మను చూస్తే ఇప్పుడు తోకాడిస్తుంది. ఆమె మాత్రం మా గేటు దగ్గరికి రాగానే చీపురు కర్ర ముందుకు తిప్పి పట్టుకుని రోడ్డుకు అవతలి పక్కగా పోతుంది.