కట్టెలు తూచిన రాజుగారు

ఒక రాజ్యంలో కుమ్మరి ఆవాల కింద అడవి తరిగిపోతోంది. రాజుగారు చాటింపు వేయించారు: "ఈ ఏడు ప్రతి ఆవానికీ కట్టెలు పదో వంతు తగ్గాలి. తగ్గిస్తే బహుమానం, లేకుంటే జరిమానా."

వీరయ్య ఆవం గోడలు ఏనాడో బీటలు వారాయి. వాటిలో నాలుగు దోసిళ్ల బురద మెత్తాడు, సగం వేడి బయటికి పోవడం ఆగింది. సాంబయ్య ఆ శ్రమ కూడా పడలేదు, కుండలు కాల్చడమే తగ్గించాడు. రామయ్య మొదటి నుంచీ పొదుపరి. ఆవం పైన పెంకులు పరిచి, బురద అలికి, ఒక్క పుల్ల కూడా వృథా కానిచ్చేవాడు కాదు. ఇక తగ్గించడానికి ఏముంది? పైగా సాంబయ్య మానేసిన కుండలూ తనే కాల్చాడు, కట్టెలు పెరిగాయి. బహుమానాలు ఆ ఇద్దరికి, జరిమానా రామయ్యకు.

"కట్టెలు తూచాం గానీ కుండలు లెక్కపెట్టలేదు ప్రభూ" అన్నాడు ముసలి కరణం.

మరుసటి ఏడు పని ఆయనకే అప్పజెప్పారు. నూరు కుండలకు ఎన్ని కట్టెలో ప్రతి ఆవం దగ్గరా రాసుకున్నాడు. లక్ష్యం తేలిక కావాలని సాంబయ్య తన పాత వాడకం ఎక్కువ చేసి చెప్పబోయాడు. కరణం బూడిద కుప్పలో కర్ర గుచ్చి చూసి, "అన్ని కట్టెలు కాలితే బూడిద ఇంతేనా?" అన్నాడు. దుబారా చేసేవాడికి పెద్ద లక్ష్యం, పొదుపరికి చిన్నది. లక్ష్యం మించి మిగిల్చినవాడికి చీటీ ఇస్తారు, అందుకోలేనివాడు ఆ చీటీ కొనుక్కోవాలి. ఏడాది తిరిగేసరికి రామయ్య చీటీలు అమ్మాడు, సాంబయ్య కొన్నాడు. డబ్బు చేతులు మారిన మర్నాడే సాంబయ్య బురద కలపడం మొదలెట్టాడు.

నీతి: కొలత తప్పితే దుబారావాడు బహుమానం కొడతాడు, పొదుపరి జరిమానా కడతాడు.

2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద మన దేశం 2012లో మొదలెట్టిన 'ప్యాట్' పథకం ఈ కరణం దారినే నడిచింది. తొలి విడతలో సిమెంటు, ఉక్కు, ఎరువులు, థర్మల్ విద్యుత్తు సహా 8 రంగాల్లోని 478 కర్మాగారాలకు, తయారైన సరుకుకు ఎంత ఇంధనం పట్టిందన్న లెక్కన వేర్వేరు లక్ష్యాలు పెట్టారు. అదనంగా ఆదా అయిన ప్రతి టన్ను చమురుకు సమానమైన ఇంధనానికి ఒక సర్టిఫికెట్ ఇచ్చి, అమ్ముకోనిచ్చారు. ఆ ఆదా నిజమేనా అని తేల్చే పని మాత్రం కర్మాగారానికి వదలకుండా, గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటర్లకు అప్పగించారు.