రొట్టెయు నీళ్లును

చదువవలసిన భాగము: 2 రాజులు 6:8–31



ఈ ఒక్క అధ్యాయములో ఒక విందు కలదు, ఒక కరవు కలదు. రెంటిని కలిపి చదువుడి.

ఎలీషాను పట్టుకొనవచ్చిన సిరియా సైనికులు షోమ్రోను నడుమ చిక్కిరి. వారిని హతము చేయుదునా అని రాజు ఆతురపడెను. ప్రవక్త వలదనెను. వారి యెదుట రొట్టెయు నీళ్లును పెట్టించి పంపివేయుమనెను. రాజు గొప్ప విందు చేసెను. కత్తి చేయలేని పని ఆ భోజనము చేసెను; దోపిడి దండులు వచ్చుట మానెను.

అటుతరువాత సంగతి చూడుడి. సిరియా రాజైన బెన్హదదు అదే పట్టణమును ముట్టడించెను. లోపలికి ధాన్యము రాలేదు. గాడిద తల ఎనుబది వెండి నాణెములు పలికెను. ఒక తల్లి తన బిడ్డ విషయమై చెప్పిన మాట చదువుటకు మనకు నోరు రాదు. యుద్ధము రాజులది, ప్రాణము పోయినది పసిబిడ్డకు.

ఇది పాతకాలపు మాట యని యెంచవలదు. 1941 సెప్టెంబరు మొదలుకొని 1944 జనవరి వరకు జర్మను సేనలు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ పట్టణమును ముట్టడించెను. లక్షలాది పౌరులు ఆకలిచేతను చలిచేతను చనిపోయిరి. యుద్ధము ముగిసిన పిమ్మట, 1948లో, న్యూరెంబర్గు పట్టణమందు అమెరికా న్యాయాధిపతులు ఆ సేనాధిపతియైన లేబ్‌ను విచారించిరి. పట్టణమును ఆకలిచేత లోబరచుకొనుటను, పారిపోవు పౌరులను కాల్పులతో వెనుకకు తరుముటను నాటి యుద్ధధర్మము నిషేధించలేదని వారు తీర్పు చెప్పవలసివచ్చెను. ధర్మము వేరుగా నుండిన బాగుండునని వారే విచారపడిరి. ఎంత సిగ్గుమాలిన సంగతి! అంత ఘోరమును నేరమని పిలుచుటకు మనుష్యులయొద్ద మాట లేకపోయెను.

ఆ మాట కొరకు దేశముల ప్రతినిధులు జెనీవా పట్టణమున కూడిరి. 1949 ఆగస్టు 12న నాలుగు ఒడంబడికలు వ్రాయబడెను. నాలుగవది పౌరుల రక్షణ కొరకే. దానిలో పదునైదేండ్ల లోపు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును ఆహారము పోనియ్యవలెనని యున్నది. అయితే అనేక షరతులు పెట్టబడెను. తెరువబడినది చిన్న సందు మాత్రమే. మరల 1974 నుండి 1977 వరకు నాలుగు పర్యాయములు కూడి వాదించి, పౌరులను ఆకలితో చంపుట యుద్ధసాధనము కాకూడదని స్పష్టముగా వ్రాసిరి. పంటపొలములను, పశువులను, త్రాగునీటిని, సాగునీటి కట్టడములను వారికి దక్కకుండ చేయుటకై పాడుచేయరాదనిరి. ముట్టడిలో ఫలవృక్షములను నరుకవద్దని ద్వితీయోపదేశకాండము ఇరువదియవ అధ్యాయము మనకెప్పుడో నేర్పెను గదా! మన దేశము 1949 ఒడంబడికలను 1950లో ధ్రువపరచెను. 1977 అనుబంధములలో ఇంకను చేరలేదు.

వ్రాత వలన ప్రయోజనమేమని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. సూడాను దేశమందు అల్‌ఫాషిర్ పట్టణము 2024, 2025 సంవత్సరములలో ముట్టడిలో నుండెను. దానిని ఆపవలెనని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2024 జూన్‌లో కోరెను. ఎవరును వినలేదు. పశువులకు పెట్టు వేరుసెనగ చెక్కను అక్కడ మనుష్యులు తినిరి. మన కొట్టములలోని చెక్కను తలంచుకొనుడి. గాడిద తల కథ మనకు దూరము కాదని తెలియును.

అయినను ఆ వ్రాత వ్యర్థము కాదు. 1948లో న్యాయాధిపతులకు లేని మాట నేడున్నది. అది పాపమును పాపమని పేరుపెట్టి పిలుచుచున్నది. అయితే మాట తనంతట తాను రొట్టె వడ్డింపదు. ఎలీషా చెప్పెను, వంటలు చేయించినది రాజు. వినువాడొకడు కావలెను.

ఇక్కడ నా తప్పు ఒప్పుకొనవలెను. ఒకప్పుడు ఇద్దరు విశ్వాసులకు గట్టు తగవు వచ్చెను. పైమడివాడు బోదె మూసి క్రిందివానికి నీరు రాకుండ చేసెను. నేను ఆదివారము శత్రుప్రేమను గూర్చి ప్రసంగించితిని గాని, అతని యింటికి వెళ్లి బోదె తెరువుమని చెప్పుటకు జంకితిని. క్రింది మడి ఎండిపోయెను. ఆ యేడు ఆ యింటి పిల్లలు అప్పు గింజలు తినిరి. తగవు తండ్రులది, ఆకలి పిల్లలది. ఊరి బావిలో చేద వేయనియ్యబడని పెద్దల బిడ్డలము మనలో ఎందరో యున్నాము. నీరు ఆపుట యెట్టి క్రూరమో మనకు ఒకరు నేర్పవలెనా?

కావున సంధి మాటలాడు వారి కొరకును, ముట్టడిలోనున్న తల్లుల కొరకును ఈ నెల ప్రతి కూటములోను ప్రార్థించుడి. ప్రార్థించి లేచినవెంటనే, మీరు మూసిన బోదె యేదైన నున్నయెడల వెళ్లి తెరువుడి. తగవు పెద్దల యెదుట తీరును; నీరు అంతవరకు ఆగరాదు.

ప్రభువా, శత్రువు ఎదుట భోజనము పెట్టు ధైర్యమును మాకు దయచేయుము. మూసిన చేతులను తెరువుము. ఆమేన్.