వీసా ఇచ్చినవానికి మనము ఎంత ఋణస్థులము?



గత డిసెంబరులో స్వదేశము వెళ్ళినప్పుడు మా ఊరిలో పది దినములు ఉన్నాను. మాది గౌరిబిదనూరు తాలూకాలో విదురాశ్వత్థ పక్కనున్న పల్లె. కర్ణాటకలో ఉన్నా మా వైపు బడిలో కన్నడము, ఇంట్లో తెలుగు. ఒక సాయంకాలము మా సంఘములోని పెద్దావిడ ఒకరు ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నది. కంటి శుక్లము తీయించుకొని వారము కూడా కాలేదు. ఆమె కుమార్తె ఇంగ్లండులో ఉన్నది. పక్కింటి అమ్మాయి కొంత డబ్బు తీసుకొని పూటపూటకు వచ్చి చుక్కల మందు వేసి పోతున్నదట.

"అన్నా, మా పాప ఆడ ఎవరో ముసలామెకి కంట్లో సుక్కలు ఏస్తాండాదంట. నా కంట్లో ఏసేదానికి నేను ఇంకొకరికి దుడ్డు ఇస్తాండాను" అని నవ్వింది. తరువాత నవ్వు ఆపి, "దానికి ఆడ ఏదో కష్టముంది, నాకు చెప్పదు. మీరు కనుక్కోండి" అన్నది.

తిరిగి వచ్చిన వెంటనే ఫోను చేశాను. ఆ అమ్మాయి నర్సింగు చదివి చింతామణిలో ఒక ఆసుపత్రిలో పని చేసేది. 2023లో కేర్ వర్కర్ వీసాపై వచ్చింది. ఏజెంటుకు 12 లక్షలు కట్టారు. అందుకొరకు పొలము అమ్మారు. మన దేశపు నిబంధనల ప్రకారము రిజిస్టరైన ఏజెంటు పుచ్చుకొనదగినది 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతే. ఇంగ్లండులోనైతే పని వెదుకుకొనేవారి నుంచి పని చూపినందుకు రుసుము తీసుకొనుటను 1973 నాటి చట్టమే నిషేధించింది. ఇవి ఆ కుటుంబమునకు ఎవరూ చెప్పలేదు. మనలో తెలిసినవారు ఉన్నా చెప్పలేదు.

వారమునకు 39 గంటల పని అని కాగితములో వ్రాశారు. ఇచ్చేది 18, 20 గంటలు. వృద్ధుల ఇండ్లకు వెళ్ళి స్నానము చేయించి, మందులు ఇచ్చి, అన్నము తినిపించి మరియొక ఇంటికి పోవలెను. దారిలో గడిచే కాలమునకు జీతము లేదు. యజమాని మన తెలుగువాడే, ఆదివారము ఆరాధన మానని మనిషి. ఆయన కాగితముపై మొత్తము 12 మంది ఉన్నారు.

ఫిర్యాదు చేయవచ్చు. అయితే హోం ఆఫీసు విచారించి ఆయన లైసెన్సు రద్దు చేస్తే ఆ 12 మందికీ ఉత్తరములు వస్తాయి. సాధారణముగా 60 దినములలో వేరే స్పాన్సరును చూసుకోవలెను, లేదా దేశము విడిచిపోవలెను. మిగిలిన 11 మందీ ఈమె చేతులు పట్టుకొని నోరు తెరవవద్దన్నారు. వారిలో ఇద్దరు పిల్లలతో ఉన్నారు. ఆమె వెళ్ళే సంఘములో ఒక పెద్దాయన అన్నారట: "ఆయన వల్లనే కదమ్మా ఈ దేశము చూశావు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు."

ఈ మాట దగ్గరనే నేను ఆగిపోయాను. మనలో చాలామందిమి ఇదే చెప్పియుండేవారము. నేనూ ఒకప్పుడు ఇటువంటి సలహా ఇచ్చినవాడనే.

కృతజ్ఞత మంచి గుణమే. కాని ఇక్కడ ఎవరు ఎవరికి ఏమి ఇచ్చారు? 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు ఈ వీసా తెరిచినది మన మీద దయ కలిగి కాదు. వృద్ధులను చూచుటకు మనుషులు దొరకక. ఆ యజమానికి చేతులు కావలసి వచ్చినవి, ఈమె చేతులు ఇచ్చింది. సి.ఓ.ఎస్. పత్రమునకు ఆయన కట్టిన రుసుము ఆయన వ్యాపారపు ఖర్చు. దానిని పనివారి నుంచి రాబట్టరాదని 2024 డిసెంబరు 31 నుంచి నిబంధన కూడా వచ్చింది. ఆమె తిన్నది ఆయన ఇల్లు కాదు, తన తల్లి పొలము. అంగడిలో వెల కట్టి కొన్న సరుకుకు జీవితాంతము ఋణపడి ఉండమనుట న్యాయమా?

మా ఊరి పేరు విదురునిది గనుక ఒక మాట. ద్రౌపది సభలో ప్రశ్న అడిగినప్పుడు పెద్దలందరూ కొలువు ఉప్పు తిన్నవారే, తలలు వంచుకున్నారు. విదురుడూ ఆ ఉప్పే తిన్నాడు. దాసి కొడుకు కూడాను. అయినా అది తప్పని అన్నాడు. తుదకు ఆ గుడ్డి రాజు ముసలివాడై అడవికి పోయినప్పుడు వెంట వెళ్ళినదీ ఆయనే. కాదని చెప్పుటయు సేవ చేయుటయు ఒక మనిషిలో ఇమడగలవు. 1938 ఏప్రిల్ 25న అదే విదురాశ్వత్థలో జెండా సత్యాగ్రహమునకు కూడిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపిన సంగతి మా పెద్దలు చెప్పగా విన్నాము. వారికి కూడా ఊరకుండమని చెప్పినవారు ఉండియే ఉంటారు.

మన బాప్టిస్టు చరిత్రలోనే ఇంకా దగ్గర సంగతి ఉన్నది. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు ప్రాంతమునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. వారిని పంపినది తెల్లవారి మిషను కాదు. తెలుగు బాప్టిస్టులు తామే ఏర్పరచుకొన్న హోమ్ మిషనరీ సొసైటీ. కియర్స్‌నీలో వారు స్థాపించిన సంఘము ఎవరిది? 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు దాటి గిర్మిటు కాగితముపై చెరకు తోటలకు, తేయాకు తోటలకు వెళ్ళిన మన కూలీలది. ఒక్క యజమాని వద్ద అయిదేండ్లు. సెలవు చీటీ లేక తోట దాటితే శిక్ష. గడువు తీరి మరల గిర్మిటుకు ఒప్పుకొనక, స్వదేశమునకూ పోనివారిపై 1895 నాటి చట్టము ఏటా 3 పౌండ్ల పన్ను విధించింది. అది 1914లో గాని పోలేదు.

నేటి కేర్ వీసా గిర్మిటు అని నేను అనుట లేదు. అలా అంటే ఆ పూర్వికుల కష్టమును చులకన చేసినట్లగును. ఈ అమ్మాయి చదివి సంతకము చేసింది, కనీస వేతనపు చట్టము ఆమెకు ఉన్నది, క్రొత్త స్పాన్సరు దొరికితే మారవచ్చును. కాని ఒక పోగు మాత్రము రెండింటిలోనూ ఉన్నది. ఈ దేశములో నిలుచు హక్కు యజమాని కాగితముపై ఆధారపడినప్పుడు, ఆయన విసుగుకొన్నా మనకు నిద్ర పట్టదు. మన తెలుగువారు అనేకులు వృద్ధులను చూచుకొనుటకు వెళ్ళిన ఇశ్రాయేలు దేశములో, పరదేశపు పనివారిని ఒకే యజమానికి కట్టివేయు పద్ధతి వారి మౌలిక హక్కులకు భంగకరమని అక్కడి అత్యున్నత న్యాయస్థానము 2006లోనే తీర్పు చెప్పింది.

ఇంతవరకు సులభము. కష్టమైనది ఆ 11 మంది సంగతి. ఈమె మాటాడితే వారికి ఆపద. అది తెచ్చినది డబ్బు తీసికొని గంటలు ఇవ్వనివాడే గాని ఆమె కాదు అని వాదించవచ్చు. వాదము సరియే, కాని దానితో అద్దె కట్టలేము. పోనీ, చప్పుడు చేయక ఈమె ఒక్కతే వేరే స్పాన్సరు వద్దకు వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళవచ్చు. 2025 జులై 22 నుంచి క్రొత్తగా విదేశములనుండి కేర్ వర్కర్లను తెచ్చుట ఆగిపోయినది. కాని ఇప్పటికే ఇక్కడ ఉన్నవారు మారుటకు 2028 జులై వరకు దారి ఉంచారు. ఆమె పోయినా 11 మంది అక్కడే ఉంటారు, ఆ ముసలివారి ఇండ్లలో పదిహేను నిమిషములలో పరుగెత్తుచు.

నా తలంపు ఇది. ఆమె మాటాడవలెనా వద్దా అని తీర్పు చెప్పు అర్హత ముప్పది ఏండ్ల క్రితము స్థిరపడి, ఇండ్లు కొనుక్కొని, పాస్‌పోర్టు మార్చుకొన్న మనకు ఊరకనే రాదు. "ధైర్యముగా చెప్పమ్మా" అనుటకు మనకేమీ ఖర్చు కాదు. "ఊరుకో అమ్మా" అనుటకు అంతకన్నా కాదు. పైగా ఆ యజమాని మరుసటి ఆదివారము మన పక్కనే కూర్చుంటాడు. ఆమె పోగొట్టుకొనబోవు దానిలో పాలు పంచుకొనుటకు సిద్ధపడిన తరువాతనే మన సలహాకు విలువ. లైసెన్సు పోయిన యజమానుల వద్ద పని చేసినవారికి క్రొత్త స్పాన్సరును చూపుటకు ఇంగ్లండులో ప్రాంతీయ ఏర్పాట్లు ఉన్నవి. 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంగ్లండులోని యజమానులు బయటినుంచి తెచ్చుటకు ముందు అట్టివారిని చూడవలెనని నియమము వచ్చింది. మనలో కేర్ హోములు నడుపువారు ఉన్నారు. వారు ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మా ఇంట్లో మేడమీద చిన్న గది ఒకటి పాత హార్మోనియముతో, క్రిస్మసు అలంకారముల పెట్టెలతో నిండి ఉండేది. గత శనివారము నేనూ నా భార్యా దానిని ఖాళీ చేశాము. ఆ సంగతి అమ్మాయికి ఫోనులో చెప్పాను. ఏమి చేయుమనీ చెప్పలేదు. ఆమె మొదట తల్లి కన్ను ఎట్లున్నదని అడిగింది. తరువాత, ఈ వారము పన్నెండుగురూ ఒకరి ఇంట కూడుకొనుచున్నామని చెప్పి, "ఆ గదిలో ఇద్దరు పడతారా మామా?" అన్నది.

ముగ్గురు పడతారన్నాను. నా భార్య పక్కనుంచి నలుగురు అన్నది.