పది రోజుల లెక్క

కాలిఫోర్నియాలో ఒక ఊళ్లో, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరు కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ కోర్సులో చేరారు. లాయరు ఆఫీసులో కాగితాలు సిద్ధం చేయడం, గడువులు చూసుకోవడం, కోర్టులో దాఖలు చేయడం నేర్పే చదువు అది. ఇద్దరిలో ఒకామె కరీంనగర్ కోర్టులో ఏళ్ల తరబడి నల్లకోటు వేసుకుని వాదించి, భర్త ఉద్యోగం వెంట అక్కడికి వెళ్లిన వకీలమ్మ. రెండో ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి.

మొదటి నెలలోనే వకీలమ్మకు ప్రాణం ఉసూరుమంది. ఎప్పుడు చూసినా రోజుల లెక్కే. ఇల్లు ఖాళీ చేయించే కేసుల్లో సమన్లు అందిన రోజును కలపకూడదు, శని ఆదివారాలు తీసేయాలి, కోర్టు సెలవులు తీసేయాలి. ఎదుటి పక్షానికి నకలు పోస్టు చేసే మనిషి ఆ కేసులో కక్షిదారు అయి ఉండకూడదు. ఇవన్నీ పోనీ అనుకుంటే, పారాలీగల్ ఎవరికీ న్యాయసలహా ఇవ్వకూడదని ఆ రాష్ట్ర చట్టం. జడ్జీల ముందు గడగడా వాదించిన మనిషికి అది అవమానంగానే తోచింది. తోచదా మరి! పెద్దాయన మాత్రం కేలెండరులో సెలవులను ఎర్ర పెన్నుతో కొట్టేసుకుంటూ పాఠం వినేవాడు.

2025లో ఆ అపార్ట్‌మెంట్‌లో అద్దె బాకీపడ్డ ఇద్దరికి, ఇల్లు ఖాళీ చేయించే కేసులో సమన్లు వచ్చాయి. ఒకావిడ వకీలమ్మ దగ్గరికి పరుగెత్తింది. కేసుకు ముందు ఇచ్చిన మూడు రోజుల నోటీసులో, రావలసిన అద్దెకంటే ఎక్కువ అడిగారని వకీలమ్మ ఇట్టే పట్టేసింది. ఆ నోటీసు చెల్లదని, కేసు నిలబడదని, గుండె మీద చెయ్యేసుకుని నిద్రపొమ్మని చెప్పి పంపింది. ఆవిడ అలాగే నిద్రపోయింది.

రెండో అద్దెదారు పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. కేసు నిలుస్తుందో లేదో తాను చెప్పకూడదన్నాడు పెద్దాయన. వచ్చినవాడు నొచ్చుకున్నాడు కూడా. జవాబు దాఖలు చేయడానికి అంతకుముందు ఐదు కోర్టు రోజులే ఉన్న గడువు ఆ ఏడాది జనవరి నుంచి పదయిందని పెద్దాయనకు తెలుసు. ఎర్ర గీతలు దాటుకుంటూ పది లెక్కపెట్టి, ఆఖరి తేదీ చుట్టూ సున్నా చుట్టి చూపించాడు. మర్నాడే అతన్ని బస్సెక్కించుకుని కోర్టు భవనంలోని సెల్ఫ్ హెల్ప్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. అక్కడ జవాబు ఫారం, ఫీజు మాఫీ ఫారం నింపించారు. నకలు పోస్టులో వేసి, వేశానని సంతకం పెట్టింది పెద్దాయనే. విచారణ రోజున ఉచిత న్యాయసహాయం లాయరు లేచి నోటీసులో అదే తప్పు చూపించాడు. కేసు కొట్టేశారు.

మొదటావిడ జవాబు దాఖలు చేయలేదు. గడువు దాటగానే ఇంటి యజమాని అడిగితే, వాదనలు లేకుండానే తీర్పు వచ్చేసింది. ఐదు రోజుల్లో ఖాళీ చేయమని షెరీఫ్ ఆఫీసు మనిషి తలుపుకు కాగితం అంటించి పోయాడు.

వకీలమ్మ చెప్పిన చట్టంలో తప్పు లేదు, కాని ఆ మాట చేరవలసింది కోర్టుకు, చేరింది పక్కింటావిడకు. పారాలీగల్ సలహా ఇవ్వకూడదన్న నియమాన్ని ఆమె తన తెలివికి వేసిన సంకెల అనుకుంది. కేసు మోయనివాళ్లు ఇచ్చే ధైర్యాన్ని నమ్ముకుని, గడువున్న కాగితాన్ని ఎవరూ అటక మీద పడేయకూడదనే ఆ నియమం పెట్టింది.