మొలకెత్తే పసుపు

పసుపును మంగళద్రవ్యం అంటాం. ఆ మాట అనేముందు అది ఎవరి చేతుల మీదుగా వస్తోందో చూడాలనిపిస్తుంది నాకు. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వుతారు. తవ్విన పంట రెండుగా విడిపోతుంది. ఎక్కువ భాగాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి ఎనుమాముల మార్కెట్‌కు తోలతారు. మిగిలింది విత్తనం. తెగులు లేని దుంపలూ కొమ్ములూ ఏరి, నీడపట్టున కుప్పపోసి, పసుపాకు కప్పి, పైన మట్టీ పేడా కలిపి అలుకుతారు. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్లు. ఎండాకాలమంతా అది వడలకుండా, కుళ్లకుండా జూన్ దాకా నిలవాలి. ఈ ఏరడం, కప్పడం చాలావరకు ఆడవాళ్ల పని. వాళ్లలో భర్త చనిపోయినవాళ్లూ ఉంటారు.

అదే స్త్రీకి పేరంటంలో పసుపు ఇవ్వరు. పసుపుతాడుకు కట్టే కొమ్ము ఉడికిన కొమ్ము, మట్టిలో పెట్టినా మొలవదు. మొలిచేది ఆమె నీడలో దాచిన పచ్చి కొమ్ము. ప్రాణాన్ని కాపాడే చేతులు అశుభమెలా అయ్యాయి?

వాళ్లకూ పసుపు కుంకుమ ఇద్దామంటారు కొందరు. ఆ మాటలోని ప్రేమను కాదనను. పెళ్లింట్లో పక్కకు తప్పుకోవలసి రావడం చిన్న అవమానమూ కాదు. కానీ అప్పుడు కూడా ఇచ్చే అధికారం ముత్తయిదువ చేతిలోనే, అంటే ఆమె భర్త ఆయుష్షులోనే ఉండిపోతుంది కదా!

పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటు, సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేయడంతో 1997లో రద్దయింది. ఆ జ్ఞానం మనదని గర్వపడ్డాం. ఆ 'మన'లో ఈమె ఉందా? 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కును రైతుకిచ్చింది. సంప్రదాయ రకాలను కాపాడేవాళ్లనూ రైతులే అంది. సౌభాగ్యం షరతు పెట్టలేదు. ఊళ్లో మాత్రం రైతంటే పట్టా ఉన్న మగవాడే.

అందుకే ఆమెకు పసుపు పెట్టమని అడగడం నాకు చాలదనిపిస్తుంది. ఏది విత్తనానికి, ఏది అమ్మకానికి అని తేల్చే మాట ఆమెదని ఒప్పుకోవాలి. అమ్మిన డబ్బులో ఆమె వాటా లెక్కకు రావాలి. ఆమెను రైతని పిలవాలి. పసుపు పెట్టించుకోవాలో వద్దో ఆ తర్వాత ఆమే చూసుకుంటుంది.